బోరు వంతు, రిసార్టు పాయింట్లు

కొన్ని నెలల క్రితం ఒక సాయంత్రం, అస్ర్ నమాజు ముగిశాక, అనంతపురంలోని మా మొహల్లా మస్జిద్‌లో ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. చేతిలో రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకటి మెరిసే అట్టతో, కొండలూ సరస్సుల రంగు బొమ్మలతో కొత్తగా ఉంది. రెండవది మడతలు పడి, అంచులు నలిగిన పాత ఒప్పంద పత్రం. ఆయనకు పట్టణంలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. వెంట తండ్రి కూడా వచ్చారు. కల్యాణదుర్గం వైపు పల్లెలో వేరుశనగ పండించుకునే పెద్దమనిషి.

విషయం ఇది. దుకాణం పని మీద భార్యతో కలిసి బెంగళూరు వెళ్ళినప్పుడు ఒక పెద్ద మాల్‌లో ఎవరో చీటీ నింపించుకున్నారు. మరుసటి వారం ఫోను వచ్చింది. “మీకు బహుమతి తగిలింది, భార్యాభర్తలిద్దరూ వచ్చి తీసుకోండి” అన్నారు. వెళితే మూడు గంటలు కూర్చోబెట్టి మాట్లాడారు. ఇరవై అయిదేళ్ళ పాటు ఏటా కొన్ని పాయింట్లు ఇస్తారట, వాటితో దేశంలోని తమ విహార గృహాలలో ఎక్కడైనా బస చేయవచ్చట. ధర నాలుగున్నర లక్షలు. ఆ రోజే సంతకం పెడితే కొంత తగ్గింపు. ఆయన ఆలోచించి చెబుతానని బయటపడ్డాడు. ఊరికి వచ్చి ఈ మాట చెబుతుంటే, మా మొహల్లాలోనే ఉండే ఒక విశ్రాంత ఉద్యోగి విన్నారు. ఎనిమిదేళ్ళ క్రితం ఆయన అదే కంపెనీ దగ్గర మూడు లక్షలకు అవే పాయింట్లు కొన్నారు. ఇంకా పదిహేడేళ్ళు మిగిలి ఉన్నాయి. “నాకు లక్ష ఇవ్వు బాబూ, నీ పేరున మార్పిస్తాను” అన్నారు.

“హజ్రత్, కంపెనీ దగ్గర నేరుగా కొనడం మంచిదా, చాచా దగ్గర కొనడం మంచిదా? రెంటిలో ఏది జాయిజ్?” అని యువకుడు అడిగాడు. తండ్రి అడిగిన ప్రశ్న వేరు. “అసలు ఇది కొనే వస్తువేనా మౌలానా? కంటికి కనబడదు, చేతికి అందదు.”

తండ్రి ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకోకుండా కొడుకు ప్రశ్నకు జవాబు దొరకదు. అందుకే ఈ నెల ఈ విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ఈ వ్యాపారం పుట్టింది 1960వ దశకంలో ఫ్రాన్స్ దేశపు ఆల్ప్స్ పర్వతాలలో. ఒక గదిని సంవత్సరం పొడవునా ఒక్కడే కొనలేడు. యాభై రెండు వారాలుగా విడదీసి అమ్మితే చాలామంది తలా ఒక వారం కొనగలరు. దీన్నే టైమ్ షేర్ అన్నారు. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ అనే సంస్థ ఏర్పడి, ఒక చోట వారం ఉన్నవాడు మరొక చోట వారంతో మార్చుకునే సదుపాయం కల్పించింది. మన దేశంలో చెన్నై కేంద్రంగా స్టెర్లింగ్ 1986లో మొదలైంది. మహీంద్రా హాలిడేస్ 1996లో వచ్చింది. కాలక్రమంలో చాలా చోట్ల వారం పోయి దాని స్థానంలో పాయింట్లు వచ్చాయి. మే నెలలో ఊటీలో పెద్ద గదికి ఎక్కువ పాయింట్లు పడతాయి, ఆగస్టులో చిన్న గదికి తక్కువ. ఉన్న గదులు ముందు అడిగిన వారివి. గడువులోగా వాడని పాయింట్లు మురిగిపోతాయి. ఇవి గాక ఏటా నిర్వహణ రుసుము ఉంటుంది, వెళ్ళినా కట్టాలి, వెళ్ళకపోయినా కట్టాలి. కంపెనీని బట్టి నిబంధనలు మారవచ్చు గానీ వ్యవహారం స్వరూపం ఇదే.

ఇదంతా విన్న ఆ తండ్రి మొహంలో అయోమయం తగ్గలేదు. అప్పుడు మేము ఆయనను ఒక ప్రశ్న అడిగాము. “మీ చేనికి నీళ్ళెక్కడివి?” ఆయన వెంటనే, “అన్నదమ్ములం ముగ్గురికీ కలిపి ఒకే బోరు. నాకు సోమవారం, గురువారం వంతు” అన్నారు.

అనంతపురం జిల్లా రైతుకు వంతు అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది, అది కూడా పడితేనే. తండ్రి వేయించిన బోరును కొడుకులు పంచుకునేటప్పుడు గొట్టాన్ని మూడు ముక్కలు కోయరు, రోజులు పంచుకుంటారు. 2002లో వాల్టా చట్టం వచ్చాక కొత్త బోరుకు అనుమతి కావాలి, పక్క బోరుకు దూరం పాటించాలి. కనుక ఉన్న బోరునే వంతులు వేసుకోవడం మరింత అవసరమైంది. వస్తువును కాక దాని ప్రయోజనాన్ని కాలం ప్రకారం పంచుకునే ఈ పద్ధతిని ఫిఖహ్ గ్రంథాలలో ‘ముహాయఅహ్’ అంటారు. ‘హిదాయా’లో పంపకాల అధ్యాయం చివర దీనికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉంది. దీనికి మన ఫుఖహా చూపే ఆధారం చాలా ఆసక్తికరమైనది. హజ్రత్ సాలిహ్ (అలైహిస్సలాం) జాతికి ఒక ఒంటెను సూచనగా పంపినప్పుడు, నీళ్ళు త్రాగడానికి ఒక రోజు దానిదనీ, ఒక నిర్ణీత రోజు ప్రజలదనీ ఏర్పాటు జరిగిన సంగతి సూరె షుఅరాలో వస్తుంది. అంటే వంతు వేసిన తొలి ప్రస్తావనలలో ఒకటి నీటి దగ్గరే, కరువు సీమ వారికి బాగా తెలిసిన చోటే.

కనుక కంటికి కనబడకపోయినా వంతు ఒక హక్కే. మరి ఆ హక్కును అమ్మవచ్చా? ఇక్కడ మన పెద్దలు చాలా జాగ్రత్తగా నడిచారు. పొలంతో పాటు నీటి వంతు అమ్మితే అందరి దృష్టిలోనూ చెల్లుతుంది. పొలం లేకుండా ఉత్త వంతును అమ్మడం హనఫీ మజ్‌హబ్‌లోని ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం చెల్లదు. ఎందుకంటే ఎంత నీరు వస్తుందో తెలియదు. అయితే బల్ఖ్ నగరపు షేఖులు తమ ప్రాంతపు వాడుకను చూసి దాన్ని అనుమతించారు. వంతు కూడా నీటిలో ఒక వాటాయే కదా అన్నది వారి వాదం. చూడండి, ఎండిన నేల మీద బతికే వారికి ఏది వస్తువో, ఏది కాదో అక్కడి వాడుకే చెప్పింది. ఈ భేదాభిప్రాయాన్ని మదర్సాలో చదువుతున్నప్పుడు మేము ఏదో పాతకాలపు చర్చ అనుకుని పుట తిప్పేశాము. ఈ రెండు కాగితాల కట్టలు ముందుకు వచ్చేదాకా అది మళ్ళీ గుర్తుకు రాలేదు.

నేటి ఉలమా కూడా ఈ సమస్యను పరిశీలించారు. ఓఐసీకి చెందిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో జరిగిన తన 18వ సమావేశంలో టైమ్ షేర్ ఒప్పందాలపై తీర్మానం చేసింది. దాని సారాంశం ఇలా ఉంది. ఆస్తిలో ఉమ్మడి వాటా కొనడం, లేదా దాని ప్రయోజనంలో వాటాను నిర్ణీత కాలానికి అద్దెకు తీసుకోవడం, వంతుల ప్రకారం వాడుకోవడం ధర్మసమ్మతమే. ఆ వాటాను మరొకరికి అమ్మవచ్చు, దానం చేయవచ్చు, అది వారసులకూ చెందుతుంది. కానీ అద్దె ఒప్పందానికి షరీఅత్ పెట్టిన షరతులన్నీ నెరవేరాలి. ఏ బస అన్నది ఖచ్చితంగా తెలిసి ఉండాలి, లేదా తగాదాకు తావు లేనంత స్పష్టంగా దాని వర్ణన ఉండాలి. కట్టడానికి సంబంధించిన మూల మరమ్మతుల భారం యజమానిదే.

ఈ షరతులతో ఆ మెరిసే కాగితాల కట్టను చదవడం మొదలుపెట్టాము. నాలుగున్నర లక్షలలో కొంత ముందు కట్టి, మిగిలింది వాయిదాలు. వాయిదాల మీద అమ్మేటప్పుడు నగదు ధర కంటే ఎక్కువ చెప్పడం తప్పు కాదు, మొదటే ఒక్క ధర ఖాయమై తర్వాత మారకుండా ఉంటే. కానీ ఈ కాగితంలో వాయిదాలకు వడ్డీ రేటు వేరుగా ఉంది, ఆలస్యమైతే దాని మీద మరికొంత. ఇది స్పష్టంగా సూద్. దీనికి పేరు ఏది పెట్టినా రూపం మారదు. కొనాలనుకునేవారు మొత్తం నగదుగా చెల్లించాలి, లేదా కొనకుండా ఉండాలి. ఇక ఏటా కట్టే రుసుమును ఎంత పెంచాలో కంపెనీ ఇష్టమని చిన్న అక్షరాలలో ఉంది. పదేళ్ళ తర్వాత మనం ఎంత కట్టాలో మనకు తెలియదు. తెలియని అద్దెకు ఒప్పుకోవడాన్ని ఫిఖహ్‌లో ‘జహాలత్’ అంటారు. తగాదాకు దారి తీసే జహాలత్ ఒప్పందాన్ని చెడగొడుతుంది. పెంపుకు ఒక కొలత, ఒక హద్దు రాసి ఉంటే ఈ అభ్యంతరం తొలగేది. లేదు.

యువకుడు కొంత నిరుత్సాహపడ్డాడు. “అయితే చాచా దగ్గర కొంటే వడ్డీ బాధ లేదు కదా, లక్ష రూపాయలు చేతిలో పెట్టేస్తాను” అన్నాడు. నిజమే, ఆ ఒక్క దోషం అక్కడ లేదు. కానీ చేతులు మారే హక్కు విషయంలో షరీఅత్ మరొక మెలకువ నేర్పింది.

మర్వాన్ బిన్ హకమ్ పాలనలో మదీనా ప్రజలకు ధాన్యం కోసం చీటీలు ఇచ్చేవారు. ఎర్ర సముద్రపు రేవు అయిన ‘జార్’ దగ్గరకు వచ్చే ధాన్యాన్ని ఆ చీటీ చూపి తీసుకోవాలి. మనకు తెలిసిన రేషన్ కూపన్ల వంటివే అనుకోండి. జనం ధాన్యాన్ని ఇంటికి తేకుండానే చీటీలను అమ్మడం మొదలుపెట్టారు. కొన్నవాడు మరొకడికి, వాడు ఇంకొకడికి అమ్మేవాడు. గింజ కదలలేదు, కాగితమే చేతులు మారుతూ పోయింది. సహాబాలు వెళ్ళి మర్వాన్‌ను గట్టిగా నిలదీశారు. ఆహార ధాన్యాన్ని పూర్తిగా స్వాధీనం చేసుకోకముందు అమ్మవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిషేధించిన సంగతిని హజ్రత్ అబూ హురైరా (రజియల్లాహు అన్హు) గుర్తు చేశారు. మర్వాన్ తన భటులను పంపి ప్రజల చేతుల్లోంచి ఆ చీటీలను వెనక్కి తీసుకున్నాడు. సహీహ్ ముస్లింలోనూ, ఇమామ్ మాలిక్ ముఅత్తాలోనూ ఈ వృత్తాంతం ఉంది.

దీన్ని వివరిస్తూ చాలామంది హదీసు వేత్తలు చెప్పిన ఒక సూక్ష్మాన్ని గమనించాలి. చీటీ ఎవరి పేరున వచ్చిందో ఆ మొదటి మనిషి తన హక్కును అమ్ముకోవడం మీద కాదు అసలు అభ్యంతరం. అతని దగ్గర కొన్నవాడు, వస్తువు అందకుండానే లాభానికి మళ్ళీ అమ్మడం మీద. ఆ లెక్కన మన మొహల్లా పెద్దాయన తన పాయింట్లను వదులుకోవడం వేరు. ఇలాంటి వారి పాయింట్లను చవకగా పోగు చేసి ఎక్కువకు తిప్పే దళారుల పని వేరు. ప్రయోజనాన్ని అద్దెకు తీసుకున్నవాడు తిరిగి అద్దెకిచ్చే విషయంలోనూ హనఫీ పెద్దలు ఇదే జాగ్రత్త చూపారు. తాను ఇచ్చిన దానికంటే ఎక్కువకు ఇస్తే, తాను ఆ ఇంటికి ఏదో మెరుగు చేర్చి ఉంటే తప్ప, ఆ ఎక్కువ మొత్తం సదఖా చేయాలన్నారు. మూడు లక్షలకు కొని, ఎనిమిదేళ్ళు పోయాక లక్షకు ఇస్తున్న పెద్దాయనకు ఆ చిక్కు లేదు. ఏడాదికి పన్నెండు వేల చొప్పున లెక్కేస్తే మిగిలిన పదిహేడేళ్ళకు ఆయన కొన్న ధర రెండు లక్షల నాలుగు వేలు. దానిలో సగానికే ఇస్తున్నారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుని, పుస్తకాలలో పేరు మార్చితేనే ఇది కొనుగోలు అవుతుంది. లేకపోతే చాచా పేరున ఉన్న ఖాతాను ఆయన మంచితనం మీద ఆధారపడి వాడుకోవడమే. ఆయనకు రేపు ఏమైనా అయితే వారసులు కాదంటారు, కంపెనీ మీరెవరంటుంది. ఒప్పందం చేసుకున్నవారిలో ఒకరు మరణిస్తే అద్దె ఒప్పందం అక్కడితో ముగుస్తుందన్నది మన హనఫీ మజ్‌హబ్ నియమం. మిగతా మజ్‌హబ్‌ల వారు, పైన చెప్పిన అకాడమీ వారు కొనసాగుతుందంటారు. ఇరవై అయిదేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ మరణం సంగతి మరచిపోతారు గానీ, మన ఫుఖహా మరచిపోలేదు.

ఇప్పుడు అందరి మనసులో మెదిలే ప్రశ్నకు వద్దాము. అదే కంపెనీ, అవే గదులు. కొత్తవాటి ధర నాలుగున్నర లక్షలు, అంటే ఏడాదికి పద్దెనిమిది వేలు. పాతవాటి ధర లక్ష, అంటే ఏడాదికి ఆరు వేలకు లోపు. ఎందుకింత తేడా? సైకిలు అరిగితే ధర తగ్గుతుంది, పాయింటు అరగదు కదా?

మాకు అర్థమైనంతలో కారణాలు రెండు. కంపెనీ చెప్పే ధరలో గది విలువ కొంతే. మాల్‌లో ఆ బల్ల అద్దె, ఫోన్లు చేసే వారి జీతాలు, మూడు గంటలు మాట్లాడినవాడి కమీషను, చేతిలో పెట్టిన ‘ఉచిత’ బహుమతి, ఇవన్నీ ఆ ధరలోనే ఉన్నాయి. సంతకం ఆరేలోపే ఆ భాగం గాలిలో కలిసిపోతుంది. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. వద్దనుకున్నవాడి దగ్గర కంపెనీ తిరిగి తీసుకోదు. తిరిగి తీసుకునే దిక్కు లేనప్పుడు, ఏటా రుసుము కడుతూ ఉండలేక, వచ్చిన కాడికి వదిలించుకునే వారు పెరుగుతారు. కొని పశ్చాత్తాపపడిన వాడి దగ్గర సరుకు వెనక్కి తీసుకుని ధర తిరిగి ఇచ్చేయడాన్ని ‘ఇఖాలా’ అంటారు. అలా చేసినవాడి తప్పులను ప్రళయ దినాన అల్లాహ్ క్షమిస్తాడన్న శుభవార్త అబూ దావూద్, ఇబ్నె మాజా హదీసులలో ఉంది. మా చిన్నతనంలో తిలక్ రోడ్డులో గుడ్డలు కొని, ఇంట్లో నచ్చక మర్నాడు తిరిగి ఇస్తే మారుమాట లేకుండా తీసుకునే పెద్దవాళ్ళుండేవారు. వారికి ఇఖాలా అనే పేరు తెలియదేమో. ఆ పని తెలుసు.

“అలాగైతే కంపెనీ దగ్గర కొంటే కనీసం భరోసా ఉంటుంది, మనిషి దగ్గర ఏముంటుంది?” అనేవారు ఉన్నారు. భరోసా అనేది బోర్డు పరిమాణాన్ని బట్టి రాదు. మన రాష్ట్రంలో అగ్రిగోల్డ్ సంగతి ఎవరికి తెలియదు? 1995లో విజయవాడలో మొదలై, స్థలాలు ఇస్తామని లక్షలాది మంది దగ్గర 6,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. అందరూ నేరుగా కంపెనీ కాగితాలే పట్టుకున్నవారు. చెల్లింపులు ఆగిపోయాక, 2019లో పది వేల లోపు కట్టినవారికి, 2021లో ఇరవై వేల లోపు వారికి ప్రభుత్వమే డబ్బు ఇవ్వవలసి వచ్చింది. ఈ విహార గృహాల కంపెనీలన్నీ అలాంటివని మేము అనడం లేదు, వీటిలో దశాబ్దాలుగా నడుస్తున్నవి ఉన్నాయి. వంతు కాగితం ఎంత గట్టిదైనా బోరులో నీళ్ళుంటేనే అది వంతు అంటున్నాము. ఈ మాట ఆ తండ్రికి వెంటనే ఎక్కింది. “మా బోరు ఒక సంవత్సరం మే నెలలో ఎండిపోయింది మౌలానా. నా సోమవారం, గురువారం నాకే ఉన్నాయి. నీళ్ళే లేవు” అన్నారు.

ఆ శుక్రవారం జుమా తర్వాత ఆ విశ్రాంత ఉద్యోగి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. యువకుడు మా దగ్గరకు వచ్చిన విషయం ఆయనకు తెలిసింది. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి, కాసేపు తటపటాయించి, గొంతు తగ్గించి మాట్లాడారు. ఎనిమిదేళ్ళలో ఆయన వెళ్ళింది మూడుసార్లే. మనవళ్ళకు సెలవులుండే మే నెలలో ఎన్నిసార్లు అడిగినా ఊటీ, కొడైకెనాల్‌లలో గది దొరకలేదు. దొరికినవన్నీ వానాకాలంలో, అదీ ముసలి దంపతులు ఇద్దరే వెళ్ళినప్పుడు. ఏటా రుసుము ఇప్పుడు పద్నాలుగు వేలకు చేరింది. “చిన్న కూతురి పెళ్ళి ఉంది మౌల్వీ సాబ్, అందుకే అమ్ముతున్నాను. ఇవన్నీ చెబితే ఆ అబ్బాయి కొనడు. అతను అడగలేదు, నేను అబద్ధమూ చెప్పలేదు. చెప్పకపోతే గునాహ్ అవుతుందా?”

అసలు సమస్య ఇదేనని మాకు అప్పుడు అనిపించింది. కంపెనీయా, చేతులు మారిందా అన్న ప్రశ్న కాదు. తాను పశ్చాత్తాపపడుతున్న వస్తువును, ఆ పశ్చాత్తాపం సంగతి దాచి, తన సోదరుడి నెత్తిన పెట్టవచ్చా?

ఆయన బాధను తేలికగా తీసిపారేయడం మాకు చేతకాలేదు. మూడు లక్షలు ఆయన జీవితకాలపు కష్టం. ఆయనను మూడు గంటలు కూర్చోబెట్టి మాట్లాడినవాడు ఈ సంగతులేవీ చెప్పలేదు. మోసపోయినవాడు తన నష్టాన్ని కొంతైనా రాబట్టుకోవాలనుకోవడం మానవ సహజం. ఇక ఇది లోపమే కాదని వాదించడానికీ ఆస్కారం ఉంది. గదులు విరగలేదు, కాగితం నకిలీ కాదు, వానాకాలంలో గది దొరుకుతూనే ఉంది. వర్తకుల దృష్టిలో ధర తగ్గించేది ఏదైనా ‘ఐబ్’ అని ఫుఖహా నిర్వచించారు. దొరకని మే నెల ఐబ్ అవుతుందా?

దీనికి జవాబు మాకు ఒక సహాబీ చేసిన పనిలో దొరికింది. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) చూస్తుండగా ఒకాయన ఒంటెను కొని తోలుకుపోతున్నాడు. వాసిలా (రజి) వెంటపడి ఆపి, దీన్ని మాంసం కోసం కొన్నావా, ప్రయాణం కోసం కొన్నావా అని అడిగారు. ప్రయాణం కోసమని అతను చెప్పాడు. అయితే దీని గిట్టలో రంధ్రం ఉంది, దూరం నడవలేదు అని ఆయన చెప్పేశారు. అమ్మినవాడు నా బేరం చెడగొట్టావని కోప్పడ్డాడు. లోపం చెప్పకుండా అమ్మడం హలాల్ కాదనీ, తెలిసినవాడు చెప్పకుండా ఉండడం కూడా హలాల్ కాదనీ దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆయన జవాబిచ్చారు.

ఆయన అడిగిన ఆ మొదటి ప్రశ్నను గమనించండి. ‘దేని కోసం?’ మాంసానికైతే ఆ రంధ్రం లోపమే కాదు. ప్రయాణానికైతే అదే ప్రాణాంతకం. వస్తువు ఒక్కటే, కొనేవాడి అవసరాన్ని బట్టి లోపం అవుతుంది. పెద్దాయన పాయింట్లు వానాకాలంలో ఎప్పుడైనా వెళ్ళగల విశ్రాంత దంపతులకు మంచి వస్తువే. బడికి వెళ్ళే పిల్లలున్న దుకాణదారుకు, మే నెల తప్ప ఏడాదిలో వేరే సెలవు లేనివాడికి, అవి గిట్టకు రంధ్రం పడిన ఒంటె. ఆ అబ్బాయి పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో పెద్దాయనకు తెలుసు. ఒకే వీధి. కాబట్టి అడగలేదు కదా అనే సాకు ఆయనకు చెల్లదు. బెంగళూరులో కూర్చోబెట్టి మాట్లాడినవాడు చేయనిది కూడా ఇదే. మూడు గంటలలో అతను అడగని ప్రశ్న ఒక్కటే ఉంది, మీకు సెలవులెప్పుడు దొరుకుతాయని.

హదీసులో ధాన్యపు రాశి అడుగున చెయ్యి పెట్టి తడి చూసిన సంఘటన మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. వేరుశనగ బస్తా పైన ఎండిన కాయలు పోసి అడుగున పచ్చివి పెట్టేవాడు మన మార్కెట్‌కూ కొత్త కాదు. ఆ తడి పైకి కనబడేలా పోసి అమ్ముకోమన్నారు ప్రవక్త (స). అమ్మడం మానమనలేదు. పెద్దాయనకు మేము చెప్పింది కూడా అదే. అమ్మండి, కానీ మే నెల సంగతి, పద్నాలుగు వేల సంగతి ముందు చెప్పండి. ఇప్పటి రుసుము ఒక్క రూపాయి పెరగకపోయినా పదిహేడేళ్ళకు రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు అవుతుంది, కొన్న లక్షకు రెట్టింపు కంటే ఎక్కువ. ఆ లెక్క కూడా అతని ముందు వేయండి. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “నాకు ఎవరూ చెప్పలేదు కదా” అన్నారు చివరికి. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

కొనేవాడికీ ఒక బాధ్యత ఉంది. అమ్మేవాడి అవసరాన్ని ఆసరా చేసుకుని ధర నేలకు దించడం సరైన పని కాదు. నిస్సహాయుడి దగ్గర కొనడం గురించి వచ్చిన హదీసు సనదు బలహీనమే అయినా, విషయాన్ని ఉలమా గౌరవించారు. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) మూడు వందలకు బేరం కుదిరిన గుర్రానికి ఎనిమిది వందలు ఇచ్చారు, అమ్మేవాడికి దాని విలువ తెలియదని. ప్రతి ముస్లిం మేలు కోరుతానని ప్రవక్త (స) చేతిలో చేయి వేసి ఇచ్చిన మాట ఆయనకు గుర్తుంది. ఇంట్లో పెళ్ళి ఉందని తెలిసి లక్షను యాభై వేలకు దించుదామా అని యువకుడి మిత్రుడొకడు సలహా ఇచ్చాడట. ఆ సలహాను ఆయనే మాకు నవ్వుతూ చెప్పాడు. మేము నవ్వలేకపోయాము.

నేరుగా కొని మోసపోయినవారికి ఒక విషయం చెప్పాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాలను ప్రశ్నించే దారి చూపింది. కంపెనీ ఎక్కడున్నా, మనం నివసించే ప్రాంతపు వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. పెద్దాయన ఎనిమిదేళ్ళుగా మౌనంగా కడుతూ వచ్చారు. కాలపరిమితి నిబంధనలు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకుండా వకీలును కలవమని చెప్పాము. హక్కును న్యాయంగా అడగడం సబ్ర్‌కు విరుద్ధం కాదు.

మరుసటి ఆదివారం వారిద్దరూ, యువకుడి తండ్రి కూడా, మస్జిద్ వరండాలో కూర్చున్నారు. పెద్దాయన అన్నీ చెప్పారు, రుసుము రసీదులతో సహా. యువకుడు పదిహేడేళ్ళ పాయింట్లు కొనలేదు. కంపెనీ దగ్గరా కొనలేదు. తండ్రే మధ్యేమార్గం సూచించారు. వంతు మొత్తం కొనే స్తోమత లేనివాడు ఒక తడికి నీళ్ళు అడిగి డబ్బు ఇస్తాడు, పల్లెలో అది మామూలే అన్నారు. ఈ ఏడాది పాయింట్లతో వచ్చే మే నెలలో నాలుగు రోజులకు కొడైకెనాల్‌లో గది దొరికితే ఇరవై వేలు, దొరకకపోతే ఏమీ ఇవ్వనక్కరలేదు. అతిథుల పేరున గది ఇవ్వడానికి కంపెనీ నిబంధనలు ఒప్పుకుంటాయని ముందే రాతపూర్వకంగా అడిగారు. పెద్దాయనకు ఏడాదికి పడే కొనుగోలు ధర పన్నెండు వేలు, రుసుము పద్నాలుగు వేలు కలిపితే ఇరవై ఆరు వేలు కాబట్టి ఇరవై వేలు తీసుకోవడంలో మేము చెప్పిన ఎక్కువ అద్దె చిక్కు కూడా లేదు. మిగిలిన పాయింట్ల కోసం పెద్దాయన తన వంటి విశ్రాంత ఉద్యోగుల్లో అడుగుతున్నారు, వానాకాలం మాట ముందే చెప్పి.

గది కోసం దరఖాస్తు పెట్టారు. ఈ వ్యాసం రాస్తున్న నాటికి కంపెనీ నుంచి జవాబు రాలేదు.